రైతుకు జరిమానా, పొగగొట్టానికి గడువు

ఏటా దీపావళి దగ్గర పడేసరికి ఢిల్లీ మీద పొగమంచు కమ్ముతుంది. ఆ వెంటనే పంజాబ్, హర్యానా రైతుల మీద నిందల వాన మొదలవుతుంది. టీవీ తెర మీద ఉపగ్రహం తీసిన ఎర్రచుక్కల పటం పెట్టి, ఇదిగో దోషులు అని చూపిస్తారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణలో, కొందరు రైతులను జైల్లో పెడితే మిగిలినవాళ్లకు తెలిసి వస్తుంది కదా అన్న అర్థంలో ప్రశ్న కూడా వచ్చింది. అది ఉత్తరాది గొడవ, మనకెందుకు అని మనం ఊరుకోవడానికి లేదు. గాలి శుభ్రం చేసే ప్రణాళికలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటి బరువు రేపు ఎవరి నెత్తిన పడుతుందో ఇప్పుడే తేల్చుకోవాలి.

ముందు ఈ ప్రణాళికల సంగతి చూద్దాం. గాలిలో ఏది ఎంతకు మించకూడదో చెప్పే జాతీయ ప్రమాణాలను కేంద్రం 2009 నవంబరులో ప్రకటించింది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్నటి ధూళి, పీఎం 2.5 అంటున్నాం కదా, అది ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. కాస్త పెద్ద ధూళి పీఎం 10 అయితే 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి చెప్పిన హద్దు 5 మాత్రమే. అంటే మన ప్రమాణమే దానికి ఎనిమిది రెట్లు వదులు. ఆ వదులు ప్రమాణాన్నీ వరసగా అయిదేళ్లు అందుకోలేని నగరాలను ఒక జాబితాలో చేర్చి, 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ధూళిని 2024 నాటికి 20 నుంచి 30 శాతం తగ్గిస్తామంది. ఆ తర్వాత లక్ష్యాన్ని 40 శాతానికి పెంచి, గడువును 2025-26కు జరిపింది. నగరాల జాబితా 102తో మొదలై సుమారు 130కి చేరింది. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ఒంగోలు, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, విజయనగరం. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి అందులో ఉన్నాయి.

జాబితా మరోసారి చదవండి. ఒక్క పల్లె లేదు. థర్మల్ కేంద్రం పక్కన బూడిద పడే ఊరు లేదు. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కింద కంది, మిరప పండించే ఊరు లేదు. గాలి కొలిచే యంత్రం పెడితే కదా అక్కడ ప్రమాణం దాటిందో లేదో తెలిసేది! కొలత లేని చోట కాలుష్యమూ లేనట్టే లెక్క. మన పేరు ఆ ప్రణాళికల్లోకి వచ్చేది ఒక్క చోటే, తగలబెట్టేవాళ్ల వరసలో.

డబ్బు ఎటు పోయిందో చూస్తే ఈ ప్రణాళికల మనసు తెలుస్తుంది. 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తీసింది. ఈ కార్యక్రమం కింద, 15వ ఆర్థిక సంఘం నిధుల కింద పెట్టిన ఖర్చులో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే పోయింది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బండ్లు, రోడ్డు పక్కన సిమెంటు రాళ్లు. పరిశ్రమల కాలుష్యం మీద పెట్టింది 0.61 శాతం. నూరు రూపాయల్లో రూపాయి కూడా లేదు. నగరాల పనితీరును పీఎం 10తోనే కొలుస్తున్నారు కాబట్టి నీళ్లు చల్లితే అంకె కొంత దిగుతుంది. పొగగొట్టం నుంచి, వాహనాల నుంచి వచ్చి ఊపిరితిత్తుల్లో దిగబడే సన్న ధూళి మాత్రం నీళ్ల బండికి లొంగదు.

ఇక పొగగొట్టాల కథ. బొగ్గు మండించే థర్మల్ కేంద్రాలు ఎంత సల్ఫర్ డయాక్సైడ్ వదలవచ్చో కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది. రెండేళ్లలో శుద్ధి యంత్రాలు, అంటే ఎఫ్‌జీడీలు, పెట్టుకోమంది. 2017 వచ్చింది, గడువు 2022కు పోయింది. 2021లో కేంద్రాలను మూడు వర్గాలుగా విడదీసి మళ్లీ గడువు ఇచ్చారు. 2022లో ఇంకోసారి, 2024 చివర్లో ఇంకోసారి పొడిగించారు. చివరికి 2025 జూలైలో, దేశంలోని సుమారు 78 శాతం యూనిట్లకు అసలు ఆ యంత్రమే అక్కర్లేదని తేల్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువని, గాలిలో ఆ వాయువు ప్రమాణం లోపలే ఉందని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. ఆ వాయువు గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేటు రేణువులుగా మారి సన్న ధూళిలో కలుస్తుందని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాయువును ఒక లెక్కలో, అది మారిన ధూళిని ఇంకో లెక్కలో రాసుకుంటే రెండు చోట్లా పొగగొట్టం తప్పించుకుంటుంది.

ఇదే పదేళ్లలో రైతుకు ఏం దక్కింది? 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో పంట వ్యర్థాలు కాల్చడాన్ని నిషేధించి, కమతాన్ని బట్టి 2,500, 5,000, 15,000 రూపాయల పరిహారం వసూలు చేయమంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు, కాల్చకుండా ఉన్న సన్న, చిన్నకారు రైతులకు క్వింటాలుకు 100 రూపాయలు ఇవ్వాలని పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ సాయం అన్ని చోట్లా నిలకడగా అందలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా సాగిన పోరాటంలో గాలి కాలుష్య చట్టం నుంచి రైతును తప్పించాలన్నది కూడా ఒక డిమాండు. 2021 డిసెంబరులో సంయుక్త కిసాన్ మోర్చాకు రాసిన లేఖలో కేంద్రం ఆ చట్టంలోని శిక్షల బాధ్యత నుంచి రైతును మినహాయించామని చెప్పింది. మూడేళ్లు తిరక్కుండానే, 2024 నవంబరులో, అదే చట్టం కింద వసూలు చేసే పరిహారాన్ని రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు రైతుకు 5,000, రెండు నుంచి అయిదెకరాల వారికి 10,000, అంతకు మించితే 30,000. జైలు పోయింది, జేబు మిగిలింది.

పరిశ్రమలకు మాత్రం చట్టం ఎదురు దిశలో కదిలింది. 1981 వాయు కాలుష్య చట్టం ప్రకారం కాలుష్య మండలి నిబంధనలు మీరిన యజమానికి ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు పడే వీలుండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం ఆ జైలును తీసేసి 10,000 నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. కోట్ల వ్యాపారానికి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు. రెండెకరాల రైతుకు 5,000 అంటే ఎరువు బస్తాల డబ్బు, పిల్లల ఫీజు.

మంటపెట్టడం మంచిదని మేం అనడం లేదు. ఆ పొగ ముందు పీల్చేది మన ఇంటి ముసలివాళ్లు, పసిపిల్లలే. టన్ను వరిగడ్డిలో అయిదారు కిలోల నత్రజని ఉంటుంది. మంటపెడితే దాదాపు అంతా గాలికి పోతుంది, దాన్ని మళ్లీ యూరియా రూపంలో కొంటున్నది మనమే. పొలంలో మేలుచేసే పురుగూ పుట్రా మాడిపోతుంది. ఇదంతా రైతుకు తెలియక కాదు. పంజాబ్‌లో భూగర్భ జలాలు కాపాడాలని 2009లో చట్టం చేసి నాట్లను జూన్‌కు జరిపారు. దాంతో కోత వెనక్కి పోయి, గోధుమ విత్తడానికి మిగిలిన వ్యవధి రెండు మూడు వారాలకు కుదించుకుపోయింది. వరి, గోధుమ తప్ప మరో పంటకు గిట్టుబాటు లేకుండా చేసింది కూడా ప్రభుత్వ విధానమే. మన దగ్గర కూలీలు దొరక్క కోత మిషన్ వచ్చింది. అది మోకాలెత్తు కొయ్యలు వదిలి, గడ్డిని చిందరవందరగా పోస్తుంది. పశువులు తగ్గాయి, గడ్డి అడిగేవాళ్లు తగ్గారు. గడ్డి కట్టలు కట్టే బేలర్ కావాలంటే అద్దె, ట్రాక్టరు కావాలంటే డీజిలు. యాసంగి నారు మాత్రం ఆగదు. గులాబీ పురుగు మిగలకుండా పత్తి కట్టె పీకేయమని అధికారులు చెబుతారు. పీకిన కట్టెను ముక్కలు చేసే యంత్రం మాత్రం ఊరికి రాదు.

పంట వ్యర్థాల యంత్రాలకు 2018లో కేంద్రం పెట్టిన సబ్సిడీ పథకం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకు ఉద్దేశించింది. కాల్చడాన్ని నిషేధించే అధికారం మాత్రం 1981 చట్టంలోని 19వ సెక్షన్ అన్ని రాష్ట్రాలకూ ఇచ్చింది. ఏదైనా ప్రాంతాన్ని కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించి నోటిఫికేషన్ ఇస్తే చాలు. యంత్రం రాకముందే నోటిఫికేషన్ వస్తుందేమోనన్నదే మా భయం.

కేంద్రం ప్రమాణం పెట్టి, రాష్ట్రం ప్రణాళిక వేసే పద్ధతి మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం కింద ప్రతి రాష్ట్రమూ తన ప్రణాళిక రాయాలి. జనానికి ముందుగా తెలియజేసి బహిరంగ విచారణ జరపాలి. కేంద్ర పర్యావరణ సంస్థ ఆమోదించాక ఆ ప్రణాళికలోని ప్రతి షరతూ చట్టంతో సమానం, కోర్టుకు లాగవచ్చు. రాష్ట్రం విఫలమైతే రహదారుల నిధులు ఆగుతాయి, కొత్త ఫ్యాక్టరీకి అనుమతి కష్టమవుతుంది, కేంద్రమే తన ప్రణాళికను రుద్దవచ్చు. మన స్వచ్ఛ వాయు కార్యక్రమానికి అలాంటి చట్ట బలం లేదు. లక్ష్యం తప్పితే అడిగే నాథుడు లేడు.

అక్కడి కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయ పెద్ద వ్యవసాయ ప్రాంతం. తోటలు తీసేసినప్పుడు ఆ కొయ్యను పొలంలోనే కాల్చేవారు. దాన్ని మాన్పించాలని 2003లోనే చట్టం చేశారు. గిట్టుబాటైన ప్రత్యామ్నాయం లేదని ఏళ్ల తరబడి వాయిదాలు ఇచ్చారు. చివరికి 2025 జనవరి నాటికి దాదాపు పూర్తిగా ఆపాలని 2021లో గడువు పెట్టి, ఆ ఏడాదే కొయ్యను ముక్కలు చేసి నేలలో కలిపే పనికి రాష్ట్ర ఖజానా నుంచి 18 కోట్ల డాలర్లు కేటాయించారు. అక్కడి బాదం తోటల యజమానికీ మన రెండెకరాల రైతుకూ పోలిక లేదు. ఆ లోయ గాలి కూడా ఇంకా ప్రమాణాలన్నిటినీ అందుకోలేదు. అయినా గడువుతో పాటే డబ్బు వచ్చింది. పెద్ద రైతుకే అంత చేయాల్సి వస్తే, అప్పులో ఉన్న చిన్న రైతుకు ఎంత చేయాలి?

అమెరికా చట్టంలో మరో సంగతి ఉంది. మనుషుల ఆరోగ్యానికి ఒక ప్రమాణం, పంటలూ పశువులూ చెట్ల రక్షణకు రెండో ప్రమాణం. వాహనాల, ఫ్యాక్టరీల పొగ ఎండలో కలిసి నేల దగ్గర ఓజోన్‌గా మారుతుంది. అది గోధుమ, వరి, అపరాల దిగుబడిని తింటుంది. అంటే గాలి కాలుష్యంలో రైతు ముద్దాయి మాత్రమే కాదు, బాధితుడు కూడా. ఆ నష్టానికి మనకు పరిహారం ఏ ప్రణాళికలో రాశారు?

1981 చట్టంలోని 17వ సెక్షన్ గాలి కాలుష్యాన్ని అరికట్టే సమగ్ర కార్యక్రమం రూపొందించి అమలు చేయించే బాధ్యతను రాష్ట్ర కాలుష్య మండలి మీదే పెట్టింది. కాబట్టి రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ మేం ఇవి అడుగుతున్నాం.

థర్మల్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీల చుట్టూ ఉన్న గ్రామాల్లో గాలి కొలిచే యంత్రాలు పెట్టి, రోజువారీ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాయాలి. ప్రణాళికను గ్రామసభలో పెట్టకుండా ఆమోదించకూడదు. పొగగొట్టాలకు ఇచ్చిన మినహాయింపును మన రాష్ట్రాలు ఒప్పుకోమని కేంద్రానికి రాయాలి. బేలర్లు, కట్టె ముక్కలు చేసే యంత్రాలు మండలానికి సరిపడా సహకార సంఘాల ద్వారా అద్దెకు ఇవ్వాలి, చిన్న రైతుకు ఉచితంగా ఇవ్వాలి. కాల్చకుండా ఉన్న రైతుకు క్వింటాలుకు ఇంత అని ధాన్యం డబ్బుతో పాటే ఖాతాలో వేయాలి. ఇవన్నీ ఊరికి అందేదాకా జరిమానా, కేసు అన్న మాటే ఎత్తకూడదు. బూడిద, దుమ్ము పడి పంట పోతే యజమాని నుంచి వసూలు చేసి రైతుకు ఇవ్వాలి.

సంఘం గ్రామ శాఖలు వచ్చే గ్రామసభలో ఈ డిమాండ్లను తీర్మానంగా పెట్టించాలి. తీర్మానం ప్రతిని మండల వ్యవసాయాధికారికి, కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చి రశీదు తీసుకోవాలి. పొలంలో మంట ఆపడానికి మనం సిద్ధం. బాయిలర్లో మంటకు ఎప్పుడు కళ్లెం వేస్తారో తేదీతో సహా ముందు పాలకులు చెప్పాలి.