ఓడలో కొడుకు, ఒడ్డున ఫోను

సంగారెడ్డి జిల్లాకు సముద్రం లేదు. చూడాలనిపిస్తే రాత్రి బస్సెక్కి బాపట్ల పోయి, సూర్యలంకలో కాళ్లు తడుపుకుని రావాలి. అయినా రామచంద్రాపురం, బీరంగూడ, అమీన్‌పూర్ కాలనీల్లో కొడుకు ఓడలో ఉన్న ఇళ్లు అక్కడొకటీ ఇక్కడొకటీ కనిపిస్తున్నాయి. తండ్రి బీహెచ్‌ఈఎల్‌లోనో, పటాన్‌చెరు మందుల కంపెనీలోనో పనిచేసి రిటైరై ఉంటాడు. కొడుకు ఇంజనీరింగ్ వద్దని హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఏదో స్టార్ హోటల్లో కొన్నాళ్లు ఉల్లిపాయలు తరిగి, నావికుడికి ఉండాల్సిన సీడీసీ పుస్తకం చేయించుకుని, ఏజెంటు ద్వారా క్రూజ్ ఓడ ఎక్కి ఉంటాడు. ఆ ఓడల్లో షికారుకు పోయేవాళ్ల మీద పత్రికల్లో రంగుల పేజీలు వస్తూనే ఉంటాయి. వాళ్లకు వండి, వడ్డించి, పక్కలు దులిపేవాళ్ల ఇళ్ల సంగతి ఎవరూ రాయరు.

మా వీధిలో అలాంటి ఇల్లొకటి ఉంది. కొడుకు మయామి నుంచి కరీబియన్ దీవులకు తిరిగే ఓడలో వంట మనిషి. రాత్రి డిన్నరు ముగిసి, పొయ్యిలూ బండలూ తుడిచి, పదకొండింటికి వాడు బయటపడేసరికి ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర. చలికాలంలో అయితే తొమ్మిదిన్నర. అక్కడ గడియారాలు మార్చినప్పుడల్లా ఇక్కడ ఈవిడ పూజ వేళ మారుతుంది. ఫోను దేవుడి గూట్లోనే ఉంటుంది, మోగితే ఒక్క అంగలో అందుకోవడానికి.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే అమ్మా. నువ్వు తిన్నవా?"

"గొంతేంది గట్లున్నది?"

"ఏం లేదే, నిద్ర. రేపు సీ డే. ఎల్లుండి పోర్ట్‌ల దిగినంక వీడియో చేస్త."

ఇంతే. ఇంతకే ఆవిడ మధ్యాహ్నం దాకా హుషారుగా తిరుగుతుంది.

సీ డే అంటే ఓడ ఏ రేవునూ తాకని రోజు. ప్రయాణికులకు అది విశ్రాంతి. వంటింటివాడికి నడుము విరిగే రోజు, ఎందుకంటే ఊరు చూడటానికి దిగేవాళ్లు ఉండరు, మూడు పూటలూ అందరూ ఓడలోనే తింటారు. పోనీ, రేవులో ఆగిన రోజైనా వీడు దిగుతాడా అంటే అదీ నమ్మకం లేదు. ఏదైనా జరిగితే చూసుకోవడానికి సిబ్బందిలో కొంతమంది ఓడలోనే ఉండాలి. ఐపీఎం అంటారు దాన్ని. ఆ డ్యూటీ పడితే ఎదురుగా ఊరు కనిపిస్తున్నా మెట్లు దిగడానికి లేదు. దిగినవాళ్లు మాత్రం రేవు గేటు దాటగానే ఉచిత వైఫై దొరికే కాఫీ కొట్టు వెతుక్కుంటారు. గోడకు ఆనుకుని వరసగా కూర్చుని, తలా ఒక భాషలో, చెవుల్లో వైర్లతో ఇంటికి మాట్లాడతారు. కరీబియన్ దీవులు ఎలా ఉంటాయని అడిగితే, వీళ్లలో చాలామంది చెప్పగలిగేది ఆ కాఫీ కొట్టు సంగతే.

ఓడలో నెట్ లేదా అంటే, ఉంది. ఒకప్పుడు ఓడకు ఫోను చేయాలంటే 870తో మొదలయ్యే ఇన్‌మర్‌శాట్ ఉపగ్రహ ఫోను నంబరు తిప్పాలి. నిమిషం రేటు వింటే చావు కబురు తప్ప ఇంకేదీ చెప్పబుద్ధి కాదు. ఆ తర్వాత వచ్చిన నెట్ కూడా భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల మీద ఆధారపడేది. మాట పైకి పోయి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావడానికి అర సెకనుకు పైనే. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "చెప్పు చెప్పు" అనుకోవడం అందుకే. ఇప్పుడు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వచ్చాయి. తన ఓడలన్నిటికీ అవి పెడుతున్నట్టు రాయల్ కరీబియన్ 2022 ఆగస్టులో ప్రకటించింది. ముఖం గడ్డకట్టకుండా వీడియో వస్తోంది. కానీ సిబ్బందికి అది తేరగా రాదు. చాలా కంపెనీల్లో రోజుకింత, వారానికింత అని తమ జీతంలోంచే కొనుక్కోవాలి. ఇంటికి పంపే డబ్బుకూ, ఇంటితో మాట్లాడే డబ్బుకూ అక్కడ నిత్యం పోటీ.

   

ఏప్రిల్, మే నెలల్లో చాలా ఓడలు కరీబియన్ వదిలి యూరప్ వైపు వెళ్తాయి. వారం దాకా నేల కనిపించదు. పైగా తూర్పు వైపు ప్రయాణం కాబట్టి ఓడ గడియారాన్ని మళ్లీ మళ్లీ గంట ముందుకు తిప్పుతారు. ఆ గంట పోయేది సిబ్బంది నిద్రలోంచే. మా వీధి తల్లికి అసలు పరీక్ష అప్పుడే. ఓడలు ఎక్కడున్నాయో చూపించే వెబ్‌సైటు కొడుకే ఫోనులో పెట్టి ఇచ్చాడు. ప్రతి ఓడా తన పేరు, చోటు, వేగం రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. తీరంలోని యాంటెనాలు దాన్ని పట్టి పటం మీద చుక్కగా చూపిస్తాయి. తీరానికి దూరమైతే యాంటెనాకు అందదు. ఉపగ్రహం ద్వారా వచ్చే వివరం కావాలంటే డబ్బు కట్టాలి. ఉచితంగా చూసేవాళ్లకు చుక్క చివరిసారి కనిపించిన చోటే ఆగిపోతుంది. అట్లాంటిక్ అంచున ఆగిన ఆ చుక్కను చూసి ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఓడ ఆగలేదే, నీ మ్యాప్ ఆగింది" అని భర్త ఎంత చెప్పినా వినలేదు. ఆయన బీహెచ్‌ఈఎల్‌లో టర్బైన్ల దగ్గర పనిచేసి వచ్చాడు, యంత్రం సంగతి చెప్పగలడు. భార్యకు నచ్చజెప్పడం ఆయన ట్రేడు కాదు.

నా అభిప్రాయంలో ఓడ ఎక్కేముందు ఇంట్లో తేల్చుకోవలసినది, ఎప్పుడు ఫోన్ చేస్తావన్నది కాదు. ఎన్ని రోజులు చేయకపోతే కంగారు పడాలన్నది. ఓడ పేరు, కంపెనీ ఆఫీసు నంబరు, ఎక్కించిన ఏజెంటు లైసెన్సు నంబరు, పిల్లాడి సీడీసీ నంబరు, ఇవన్నీ గోడ క్యాలెండరు వెనక రాసి ఉంచుకోవాలి. ఫోను పోతే నంబర్లు కూడా దాంతోనే పోతాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి, తల్లిదండ్రులకు కోపం వచ్చినా సరే. రాత్రి పదకొండుకు డ్యూటీ దిగినవాడి చెవిలో ఇంటి బాకీ కిస్తీ, చెల్లెలి సంబంధం, మేనమామ తగాదా అన్నీ ఒకేసారి పోయకండి. ఓడ కార్మికుడికి 24 గంటల్లో కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. కంపెనీ ఇచ్చే ఆ పది గంటల్ని మనమే కొరుక్కుతింటే ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? కరీంనగర్, నిజామాబాద్, మెదక్ నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఒకప్పుడు క్యాసెట్లలో మాట నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. అరగంట మాట అడ్డు లేకుండా సాగేది. ఇక్కడి ఫిర్యాదు అక్కడికి చేరేసరికి నెల గడిచేది, ఈలోగా సగం ఫిర్యాదులు వాటంతటవే చల్లారేవి. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. నెల రోజుల ఆలస్యంలో చావు కబుర్లు కూడా ఉండేవి.

మాట అందకపోతే ఏమవుతుందో 2020 చూపించింది. ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను 3,711 మందితో కరోనా క్వారంటైన్‌లో ఉంచారు. అందులో భారతీయ సిబ్బంది 132 మంది. ప్రయాణికులను గదుల్లో ఉండమన్నారు. ఆ గదులకు భోజనం మోసింది సిబ్బంది. మమ్మల్ని కాపాడండని వాళ్లలో కొందరు ఫోనులో వీడియో తీసి పెడితేనే దేశానికి వాళ్ల సంగతి తెలిసింది. ఫిబ్రవరి 27న విమానంలో 119 మంది భారతీయులు తిరిగొచ్చారు. ఆ తర్వాత ప్రపంచమంతా రేవులు మూసుకున్నాయి. ఆ ఏడాది చివరికి ఒప్పందం గడువు దాటినా దిగడానికి వీల్లేక ఓడల్లోనే ఉండిపోయిన నావికులు నాలుగు లక్షలకు చేరారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అంచనా. ముంబై తీరానికి చేరిన మారెల్లా డిస్కవరీ ఓడలోని మనవాళ్లకు కూడా, సొంత దేశం కనిపిస్తున్నా, ఏప్రిల్ 23 దాకా దిగడం కుదరలేదు.

ఆ ఇక్కట్ల తర్వాత ఒక మంచి జరిగింది. ఓడ కార్మికుల హక్కుల కోసం 2006లో వచ్చిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే ఒప్పందం ఉంది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఓడలో ఏ పని చేసేవాడైనా, కెప్టెనైనా కప్పులు కడిగేవాడైనా, దాని లెక్కలో నావికుడే. ఆ ఒప్పందానికి 2022లో జెనీవాలో సవరణలు చేశారు. ఓడలో సిబ్బందికి ఇంటర్నెట్ అందించాలి, రుసుము తీసుకుంటే అది సమంజసంగా ఉండాలి అన్నది వాటిలో ఒకటి. 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఇంటితో మాట్లాడటం ఇక యజమాని దయ కాదు, తిండి, పడక, జీతం లాగా పనిలో భాగం. ఈ ముడి కాస్త వదులుగానే ఉందని ఒప్పుకోవాలి. "ఆచరణలో వీలైనంతవరకు" అని ఒక మాట పెట్టారు. సమంజసం అంటే ఎంతో చెప్పలేదు. అయినా వదులు ముడిని బిగించమని అడగొచ్చు. ముడే లేనిచోట అడగడానికి ఏముంటుంది?

ఆ ముడి లేని చోటు ఎక్కడో దూరాన లేదు. అదే 2020 ఏప్రిల్‌లో, ముంబైలో ఓడ సిబ్బంది దిగిన వారం లోపే, ఏప్రిల్ 29న మా జిల్లాలోనే కందిలో ఐఐటీ హైదరాబాద్ కట్టడం పనుల్లో ఉన్న వలస కూలీలు రోడ్డెక్కారు. మా ఊరు మమ్మల్ని పంపండి అన్నదే వాళ్ల గొడవ. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుంచి దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హతియాకు రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అది. ఓడలో ఇరుక్కున్నవాడికీ, కంది షెడ్డులో ఇరుక్కున్నవాడికీ తేడా చుట్టూ ఉన్న నీళ్లే.

పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్ చౌరస్తా వెనక, కర్మాగారాల కూలీలు ఉండే గదుల వరసల్లోకి ఏ ఆదివారం వెళ్లినా ఇది తెలుస్తుంది. ఒడిశా, బీహార్, యూపీ కుర్రాళ్లు గదికి నలుగురైదుగురు. మెట్ల మీద, నీళ్ల ట్యాంకు పక్కన, బనియన్లతో నిలబడి ఊళ్లకు మాట్లాడుతుంటారు. మామూలు రోజుల్లో షిఫ్టు ఎక్కేముందు ఫోను గేటు దగ్గర పెట్టి పోవాలి. సాల్వెంట్లు ఉండే చోట ఫోను వద్దనడం సబబే, దానికి నేను వ్యతిరేకం కాదు. నా ప్రశ్న వేరు. ఫోను తీసుకున్నవాళ్లు దాని బదులు ఏమిస్తున్నారు? ఆ కుర్రాడి తల్లి భువనేశ్వర్ అవతలి ఏదో పల్లె నుంచి చేస్తే ఎత్తే నంబరు ఏ గేటు దగ్గరుంది?

2025 జూన్ 30 ఉదయం ఆ దగ్గర్లోనే పాశమైలారంలో సిగాచి మందుల కర్మాగారం పేలింది. నలభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు నుంచి గేటు ముందూ, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గరా కుటుంబాలు ఫోటోలు పట్టుకుని నిలబడ్డాయి. ఆ షిఫ్టులో లోపల ఎవరెవరున్నారన్నది తేలడానికే రోజులు పట్టింది. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఓడ అయితే సిబ్బంది జాబితా లేకుండా రేవు వదలదు. అలారం మోగితే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు రాలేదో నిమిషాల్లో లెక్క తేలుతుంది. ఎక్కేటప్పుడే ఇంట్లో ఎవరికి కబురు చేయాలో రాసి పెట్టుకుంటారు. వేల కిలోమీటర్ల దూరంలో నీళ్ల మీద కుదిరేది నేషనల్ హైవే పక్కన ఎందుకు కుదరదు?

కుదరాలని మనం ఎప్పుడో రాసుకున్నాం కూడా. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. ప్రమాదం జరిగి మనిషి పోయినా, బాగా దెబ్బ తగిలినా రెండు రాష్ట్రాల అధికారులకూ, ఇంటివాళ్లకూ కబురు చేయాల్సిన బాధ్యత అతడిదే అయ్యేది. ఆ చట్టం తర్వాత 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోకి వెళ్లింది. ఇస్నాపూర్ గదుల్లో ఆధార్ కార్డు లేని కుర్రాడు కనిపించడు. పాస్‌బుక్ అని అడిగితే బ్యాంకుది చూపిస్తారు. జిల్లా యంత్రాంగం, కర్మాగారాల శాఖ కలిసి ఒక్క పేజీ ఉత్తర్వు వేస్తే చాలు. ప్రతి గేటు దగ్గర షిఫ్టు షిఫ్టుకూ పేర్ల జాబితా ఉండాలి, కాంట్రాక్టు కూలీలతో సహా. ప్రతి పేరు పక్కన ఇంటి నంబరు, ఇంటివాళ్ల దగ్గర గేటు నంబరు ఉండాలి. ఆ ఫోను దగ్గర రాత్రి షిఫ్టులో కూడా హిందీ వచ్చిన మనిషి ఒకడు కూర్చోవాలి. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు.

— మంజీర