కాగితం మీద దానం, మనసులో అప్పు



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నాయొద్దకు వచ్చింది. "అయ్యగారూ, అమెరికాలో మావాడు మూడు వాటాల ఇల్లు కొంటాడట. ఒకదానిలో తానుండి, రెండు అద్దెకిస్తాడట. ఏడాది పోయాక ఇంకొకటి కొంటాడట. ఎకరం అమ్మి పంపమంటున్నాడు. రెండేళ్లలో తిరిగి ఇస్తాడులెండి. పంపమంటారా?"

ఈ పద్ధతి కొత్తది కాదు. బోస్టన్, వూస్టర్ పట్టణాలలో 1880 మొదలు 1930 లోపు వేలాది మూడంతస్తుల చెక్క ఇండ్లు కట్టారు. వలస వచ్చిన కార్మికులు ఒక అంతస్తులో కాపురముండి, మిగతా రెండింటి అద్దెతో బాకీ తీర్చుకున్నారు.

1934లో ఏర్పడిన ఎఫ్.హెచ్.ఏ. అను ప్రభుత్వ సంస్థ నాలుగు వాటాల ఇంటి వరకు అప్పుకు హామీ ఇస్తుంది. క్రెడిట్ స్కోరు 580 ఉంటే, వెలలో 3.5 శాతం చేతి సొమ్ము చాలు. 4 లక్షల డాలర్ల ఇంటికి అది 14,000. అయితే 60 దినములలో ఆ ఇంట చేరి, కనీసం ఒక సంవత్సరం ఉండాలి. మూడు, నాలుగు వాటాలైతే, అన్ని వాటాల అద్దెలో 75 శాతమే లెక్కకు తీసికొని, అది నెల వాయిదాకు సరిపోవాలంటారు. ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, మరమ్మతులు ఉంటాయి గదా! 2025 మే 25 నుండి పని వీసాపై ఉన్నవారికి ఈ అప్పు లేదు.

"అబ్బాయికి గ్రీన్ కార్డు ఉందా, అమ్మా?"

"ఉందండీ."

అయినా ఒక సంగతి ఉన్నది. తల్లిదండ్రుల సొమ్ము పెట్టేటప్పుడు అక్కడ ఒక పత్రం అడుగుతారు. 'ఇది బహుమానము, తిరిగి చెల్లించనక్కరలేదు' అని వ్రాసి, ఇచ్చేవారు సంతకం చేయాలి. మనసులో అప్పు అనుకొని కాగితం మీద దానమని వ్రాస్తే అది అబద్ధ సాక్ష్యమే. నిజముగా దానమే అయితే, ఆ ఎకరంలో ఆడపిల్లకు రావలసిన పాలు ఏమవుతుంది?

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

నెల తరువాత మళ్లీ కనబడింది. పొలం అమ్మలేదు. కొడుకు తన జీతంలోనే కూడబెట్టి, రెండు వాటాల ఇల్లు చూస్తాడట. "వారం రోజులు ఫోను చేయలేదండీ," అని కొంగుతో కళ్లు తుడుచుకున్నది. "నిన్న చేశాడు."

తల్లిదండ్రులారా, పిల్లల ఆశ మంచిదే. కాని పంపకముందు ఒక్క ప్రశ్న వేసికొనండి: ఈ సొమ్ము ఎన్నటికీ తిరిగి రాకపోయినా సంతోషముగా ఉండగలమా? ఉండగలమంటే ఇవ్వండి. లేదంటే, ప్రేమతోనే కాదనండి.