‘పాపం’ అనుకుని వాయిదా వేస్తే

మా చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని వెటర్నరీ డాక్టర్ చెప్పినప్పుడు వద్దన్నది నేనే. గుంటూరు నుంచి వచ్చి ఉన్న అమ్మ కూడా ‘నోరులేని జీవం, పాపం రా’ అంది. ఆరేళ్లు గడిచాయి. మొన్న చలికాలంలో అది తిండి మానేసి, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పయోమెట్రా అన్నారు. అంటే గర్భసంచిలో చీము. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఆ గర్భసంచే తీసేయాల్సి వచ్చింది. చిట్టి బతికింది. బిల్లు సంగతి మా ఆవిడ ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాను.

టీకాల విషయంలోనూ మన ఇళ్లలో ఇదే వరస. ‘మా పిల్లి గడప దాటదండీ’ అంటారు. గబ్బిలం లోపలికి రాదా? అమెరికాలో మనుషుల్ని రేబిస్‌తో ఎక్కువగా చంపుతున్నది గబ్బిలాలే. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. మేముండే టెక్సాస్‌లో కుక్కకైనా పిల్లికైనా 16 వారాల వయసుకల్లా రేబిస్ టీకా వేయించాలన్నది చట్టం.

కుక్కను ఇండియా తీసుకెళ్లేవాళ్లకు ఇంకో మాట. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. ఇక్కడి టీకా పత్రాన్ని బయలుదేరకముందే యూఎస్‌డీఏతో ధ్రువీకరింపజేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో అడిగేది దాన్నే.