కుర్సీ ఎవరి అమానత్?

మొన్న వెలుగోడులో మా బంధువుల వలీమా దావత్. తిన్నాక మామూ ఇంటి వరండాలో కూర్చుని మాటల్లో పడ్డాం. మా ఖాలా కూతురు ఒక కాథలిక్ స్కూల్లో చాలా ఏండ్లుగా లెక్కలు చెబుతోంది. మామూ ఆమెను ఆటపట్టించాడు. "ఎన్నేండ్లు చేసినా నువ్వు టీచరమ్మవే బేటీ. ప్రిన్సిపాల్ కుర్సీ మాత్రం సిస్టర్‌దే."

బాజీ నవ్వింది. "ఈసారి సిస్టర్ కాదు మామూ. ఇరవై ఏండ్లుగా మాతో స్టాఫ్ రూములో కూర్చున్న టీచరమ్మనే చేశారు."

"ఆమె కూడా వాళ్ల మజహబేగా?"

"అవును. మన స్కూళ్లలో ఇరవై ఏండ్లు చెప్పిన ముసల్మాన్ టీచరుకైనా ఆ కుర్సీ ఇస్తున్నారా?"

వరండా అంతా ఖామోష్. ఆ సవాల్ నన్ను ఇంటిదాకా వెంటాడింది.

ముందు కానూన్ సంగతి. రాజ్యాంగంలోని 30(1) అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్ ఇచ్చింది. ఆ హక్ చర్చికి ఎంతో మనకూ అంతే. 1998లో సుప్రీం కోర్టుకు వెళ్లిన ఎన్. అమ్మద్ కేసు కేరళలోని ఒక ముస్లిం హైస్కూల్‌దే. సీనియర్ టీచర్ హెడ్మాస్టర్ పోస్టు తనదేనన్నాడు. మేనేజ్‌మెంట్ వేరొకరిని పెట్టుకుంది. కోర్టు మేనేజ్‌మెంట్ వైపే ఫైసలా ఇచ్చింది. స్కూల్ నడిచే తీరు హెడ్మాస్టర్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, అర్హత ఉన్నవాళ్లలో ఎవరిని పెట్టుకోవాలో వాళ్ల ఇష్టం అంది. 2006లో మలంకర సిరియన్ కాథలిక్ కాలేజీ కేసులోనూ అదే మాట.

అంటే హక్ మన చేతిలో ఉంది. దాన్ని దేనికి వాడుతున్నాం అన్నదే మస్లా.

మదర్ థెరిసా పేరు చెబితే అందరికీ కలకత్తా వీధులే గుర్తొస్తాయి. అంతకు ముందు ఆమె టీచరు. 1931 నుంచి కలకత్తా ఎంటాలీలోని సెయింట్ మేరీస్ బాలికల స్కూల్లో పాఠాలు చెప్పారు. ప్రిన్సిపాల్ అయింది 1944లో. నన్ అయినా పదమూడేండ్లు సుద్దముక్క పట్టాకే ఆ కుర్సీ. మన కర్నూలులో 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ కూడా చదువు చెప్పిన ఉస్తాదే.

ఇక నేను చూసినది. నేను ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో ఒక ఉస్తాద్ ఉండేవారు. నాకు కలం పట్టడం నేర్పింది ఆయనే. హెడ్మాస్టర్ పోస్టు ఖాళీ అయినప్పుడు పిల్లలమంతా ఆయనే అనుకున్నాం. వచ్చింది కమిటీ సెక్రెటరీ అల్లుడు. ఉస్తాద్ ఒక్క షికాయత్ చేయలేదు. మరుసటి ఏడాది మాత్రం ఇద్దరు మంచి టీచర్లు వేరే స్కూలుకు వెళ్లిపోయారు. నష్టపోయింది మేం.

కాథలిక్ స్కూళ్లలో అంతా ఇన్సాఫే అనడం లేదు. చాలాచోట్ల ఆ కుర్సీ ఇప్పటికీ ఫాదర్లు, సిస్టర్లదే. కానీ వాళ్లకు కొడుకులు, అల్లుళ్లు, కోడళ్లు ఉండరు. కొన్నేండ్లకు బదిలీ అవుతారు. అందుకే కుర్సీ ఖాందాన్ మీరాస్ కాదు. మనకు ఖాందాన్లు ఉన్నాయి. కాబట్టి మనకే ఖాయిదా ఎక్కువ అవసరం.

సీనియారిటీ ఒక్కటే చూడాలని కూడా నేననను. ఒకే ఏడాది పాఠాన్ని ఇరవైసార్లు చెప్పినవాళ్లూ ఉంటారు. ప్రిన్సిపాల్ అంటే ఫీజు కట్టలేని అమ్మీతో మెత్తగా, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారితో నిబ్బరంగా మాట్లాడగలగాలి. అందుకే స్కూల్ కమిటీలు మూడు మాటలు కాగితం మీద రాసుకోవాలి. కనీసం పదేండ్లు క్లాసులో చెప్పినవాళ్లకే కుర్సీ. కమిటీ మెంబర్ల రిష్తేదార్లకు ఇవ్వరాదు. ఐదేండ్ల ముద్దత్ అయ్యాక మళ్లీ క్లాసుకే.

అమానత్‌లను వాటి హక్‌దార్లకే అప్పగించమని సూరె నిసా 58వ ఆయత్‌లో అల్లాహ్ హుకుం. జుమా బయాన్లలో ఎన్నిసార్లు వినలేదు మనం! డబ్బు అమానత్ అయితే పైసాతో సహా లెక్క చెబుతాం. పిల్లల తాలీమ్ కూడా అమానతే కదా.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు, బస్సుతో పాటు ఇంకొక్క మాట అడగండి. "ప్రిన్సిపాల్ సాబ్ ఎన్నేండ్లు పాఠం చెప్పారు?" జవాబును బట్టి ఆ స్కూల్ సంగతి తెలిసిపోతుంది.