లాక్ కట్టేసి మిషన్ నడపమనే హుకుం చెల్లదు



కార్డింగ్ మిషన్ స్విచ్ తీసిన మరుక్షణం సిలిండర్ ఆగదు. ఆ బరువుకు, ఆ వేగానికి ఇంకా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఒళ్లంతా తీగ పళ్లే. వేలు తగిలితే చెయ్యి లాక్కుపోతుంది. అందుకే తలుపుకు లాక్ పెట్టారు. సిలిండర్ పూర్తిగా ఆగేదాకా తలుపు తెరుచుకోదు, తలుపు మూసేదాకా మిషన్ నడవదు.

ఆ లాక్‌నే వైరు ముక్కతో కట్టేయిస్తున్నారు. దూది ఇరుక్కున్నప్పుడల్లా "ఆపితే ప్రొడక్షన్ పోతుంది, కానియ్" అని జాబరు తొందరపెడతాడు. వేళ్లు తెగాక మాత్రం "లాక్ తీసింది కార్మికుడే" అని యాజమాన్యం కాగితం రాసుకుంటుంది.

ఆ కాగితం విలువ వారికి బాగా తెలుసు. రక్షణ పరికరాన్ని కార్మికుడు తెలిసి తొలగించి గాయపడితే, ప్రాణం పోవడమో పూర్తి శాశ్వత వైకల్యమో కలిగితే తప్ప, యజమాని పరిహారం ఇవ్వనక్కరలేదని 1923 నష్టపరిహార చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే షరతు పెట్టారు. ఈఎస్ఐ లేని కార్మికుడికి చెయ్యీ పోతుంది, పరిహారమూ పోతుంది. లాభం వారిది, నేరం మనదా? ఈ పద్ధతిని తీవ్రంగా ఖండిస్తున్నాం.

లాక్ తీయమన్నవాణ్ణి కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టడు. సంతకానికి జంకే హుకుంకు మనం చేతులు బలి ఇవ్వం.

లాక్ పాడైతే బాగుచేసేదాకా మిషన్ ఆపాలి! దూది తీసే సమయానికి కూలి కోయరాదు! ఒక్కడు కాదంటే మెమో ఇస్తారు, ఖాతా అంతా కాదంటే లాక్ బాగుచేస్తారు.