స్టాలినును చూచివచ్చిన తెలుగువారు

మహాపురుషదర్శనము చేసివచ్చినవారి మాటలను మనము తూచి వినవలెను. యుద్ధానంతరము ఐరోపాకు పోయి అక్కడి అధినాయకులను చూచివచ్చినవారిలో కొందరు భక్తులై వచ్చిరి, కొందరు శత్రువులై వచ్చిరి. రెండును గాక తమ బుద్ధి తమయొద్ద నుంచుకొని వచ్చినవారు అరుదు.

అట్టివారిలో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడొకడు. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆయన ఉపాధ్యక్షుడు. (ఆ పరిషత్తు 1926లో మన బెజవాడలోనే కన్ను తెరచినదను సంగతిని ఊరివారే మరచిరి.) 1949లో ఆయన మాస్కోకు రాయబారిగా వెళ్లెను. అంతకు ముందు అక్కడ నుండిన విజయలక్ష్మీ పండితమ్మకు స్టాలిను దర్శనమే లభింపలేదు. మన స్వాతంత్ర్యము పేరునకు మాత్రమే స్వాతంత్ర్యమని రష్యా రచయితలు వ్రాయుచుండిన కాలమది. 1950 జనవరిలో ఈయనకు పిలుపు వచ్చెను.

కళింగరక్తమును చూచి యుద్ధమును విసర్జించిన చక్రవర్తి మా దేశమున నొకడుండెనని ఆయన స్టాలినుతో ననెనట. అద్భుతములు ఒక్కొక్కప్పుడు జరుగుననియు, తానును ఐదేండ్లు మతపాఠశాలలో చదివినవాడననియు స్టాలిను బదులు పలికెనట. 1952 ఏప్రిలులో సెలవు పుచ్చుకొనునపుడు పండితుడు ఆయన బుగ్గ నిమిరి వీపు తట్టెనని చెప్పుదురు. లోకము గడగడలాడిన మనుష్యుని మన పంతులొకడు చదువు తప్పిన శిష్యునివలె చూచెను! ఆయన మాటవలననే 1952 జనవరిలో భద్రతాసమితియందు రష్యా ప్రతినిధి మాలిక్ కాశ్మీర విషయమున ఆంగ్లామెరికనుల నెదిరించెననుట అతిశయోక్తి. స్వప్రయోజనము లేక ఏ రాజ్యమును కదలదు. అయినను మూసిన తలుపు కొంత తెరువబడినదనుట సత్యము.

ఆ నడుమనే, 1951 ఫిబ్రవరిలో, వేరొక తెలుగు దర్శనము జరిగెను. కృష్ణకు ఇరువైపుల మన డెల్టాలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యగార్లు డాంగే, అజయ్ ఘోషులతో కూడ రహస్యముగా మాస్కో చేరి స్టాలిను నెదుట కూర్చుండిరి. తెలంగాణమున సాగుచున్న సాయుధపోరాటమును గూర్చి వారి ప్రశ్న. చీనామార్గము మీకు పనికిరాదనియు, చీనాసైన్యమునకు వెనుక రష్యా యండ యుండెననియు, మీకట్టి యండ లేదనియు, చీనాకంటె ఇండియాలో రైలుమార్గములు దట్టముగా నున్నవి గనుక గెరిల్లాలకు కష్టమనియు ఆయన చెప్పెను. ఆ అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

చెప్పిన సలహా చెడ్డది కాదు. కాని బెజవాడ స్టేషనులో పది నిమిషములు నిలుచున్నవానికి రైలుమార్గములెన్నియో తెలియదా? దానికి మాస్కో పోవలెనా? మన పల్లెల బిడ్డలు అడవులలో తుపాకులకు గురియగుచుండగా, ఆ పోరు నిలుపుటయా సాగించుటయా యను తీర్పును, ఈ నేలపై అడుగైనను మోపని మనుష్యునివద్ద కోరిరి. వారి త్యాగమును శంకింపము. ఆస్తులను వదలి, చెరలకు వెరవక తిరిగినవారు వారు. పండితుడు తన దేశపు మాట చెప్పుటకు పోయెను. వీరు తమ దేశమును గూర్చి వినుటకు పోయిరి. ఈ భేదమును మాత్రము దాచలేము.

1953 మార్చి 5న స్టాలిను మరణించెను. ఆయన యెదుట ఒకే ప్రశ్నతో కూర్చుండిన మన ఇద్దరు నాయకులును 1964లో చెరియొక పార్టీవారైరి.