నాలుగు తీగల లెక్క

పెళ్లి ఆర్కెస్ట్రా కానివ్వండి, వినాయక మండపం దగ్గర పాటల కచేరీ కానివ్వండి, ఆదివారం చర్చిలో ఆరాధన కానివ్వండి... పాట వింటుంటే పాదం దానంతటదే కదులుతుంది. ఆ పని చేయించేవాటిలో బేస్ గిటార్ ఒకటి. అది వాయిస్తున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం పాట బోసిపోయిందని అందరికీ తెలిసిపోతుంది. నమ్మకం లేకపోతే ఇళయరాజా పాట ఒకటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతు కింద ఇంకో పాట నడుస్తుంటుంది!

ఒకప్పుడు ఈ పనికి మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ మోసుకు తిరగాల్సి వచ్చేది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తెచ్చాక అది భుజాన వేలాడే వాద్యమైంది. దానికి ఇ, ఎ, డి, జి అని నాలుగే తీగలు. ఇప్పుడు కొత్తవాళ్లకు సరిపోయే బేస్ సుమారు 15 వేల నుంచి 25 వేల రూపాయల్లో వస్తోంది.

చిన్న మొత్తమేం కాదు. 2015 డిసెంబర్‌లో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక జీతం ఆగిన ఇళ్లకు ఆ బరువేమిటో తెలుసు. అలాంటి ఇంట్లో పిల్లాడు 'నాన్నా, బేస్ కావాలి' అంటే ఆ పైసలు వృథా కాకూడదు. నాసిరకం గిటార్‌తో పోయేది డబ్బొక్కటే కాదు. తీగ నొక్కలేక, తప్పు తన వేళ్లదే అనుకుని పిల్లాడు వాద్యాన్నే వదిలేస్తాడు.

మెరుపు కాదు, మెడ చూడండి

గిటార్ మెడను బాణంలా కంటికి ఎదురుగా పట్టి చూడండి. మెలి తిరిగి ఉంటే వద్దు. కొద్దిగా వంగి ఉంటే ఫర్వాలేదు, లోపలి ట్రస్ రాడ్ తిప్పి సరిచేయొచ్చు. మెడ అంచున చెయ్యి పోనివ్వండి. ఫ్రెట్ల కొసలు గీసుకోకూడదు. ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కో తీగ మీటండి. ఎక్కడైనా గరగరమంటే అడగండి.

మామూలుగా తీగ పొడవు 34 అంగుళాలు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ సుఖం. బ్యాటరీ అక్కర్లేని పాసివ్ రకం తీసుకుంటే గొడవ తక్కువ. యమహా టీఆర్‌బీఎక్స్ 174, స్క్వైర్ వారి ప్రెసిషన్ రకాలు అలాంటివే.

ఉన్న డబ్బంతా గిటార్‌కే పెట్టేయకండి. నాలుగో వంతు ఆంప్‌కు, కేబుల్‌కు ఉంచండి. ఇంట్లో సాధనకు చిన్న బేస్ ఆంప్ చాలు. మామూలు గిటార్ ఆంప్‌లో బేస్ గట్టిగా వాయిస్తే స్పీకర్ దెబ్బతింటుంది. పక్కింటివాళ్ల నిద్ర గురించి ఆలోచిస్తే హెడ్‌ఫోన్ ఆంప్ మేలు.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు చూసుకోండి. పార్సిల్ వచ్చిన రోజే పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి. వీలైతే హైదరాబాద్ వెళ్లి చేతిలో పట్టుకుని చూసి, అక్కడే సెటప్ చేయించుకుంటే ఇంకా మంచిది. పిల్లాడికి నేర్పే మాస్టారినో, ఆర్కెస్ట్రాలో వాయించే అన్ననో వెంట తీసుకెళ్లండి. బస్సు చార్జీ దండగ కాదు.

చివరగా ఒక మాట. మన నిజామాబాద్ ఎండల సంగతి తెలిసిందే. రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో గిటార్ వదిలేశారంటే ఎంత మంచి మెడైనా వంగిపోతుంది.